ఫ్యాకల్టీ కచేరీలో హిస్పానిక్ ఛాంబర్ సంగీతం: ఏమీ తెలియకుండా వెళ్లవచ్చా?

అడిగినవారు: గాత్రం మాత్రమే

నేను అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాను. మా విశ్వవిద్యాలయంలో సంగీత అధ్యాపకులు వచ్చే వారం హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల) సంగీతంతో ఛాంబర్ కచేరీ, అంటే కొద్దిమంది కలిసి వాయించే కచేరీ, చేస్తున్నారు. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు ఇక్కడ హిస్పానిక్ వారసత్వ మాసం కదా, ఆ సందర్భంగా. ప్రవేశం ఉచితం. చిన్నప్పుడు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను కానీ పాశ్చాత్య సంగీతంతో పరిచయం సినిమా పాటల వెనక వినిపించే వయొలిన్ల వరకే. కార్యక్రమంలో తురీనా ‘లా ఒరాసియోన్ దెల్ తొరేరో’, ఫాయా పాటలు వయొలిన్ మీద, పియాసోలా ‘బ్యూనస్ ఐరిస్ నాలుగు ఋతువులు’, చివర గాబ్రియేలా లేనా ఫ్రాంక్ రాసిన ‘లేయెందాస్’ ఉన్నాయి. వెళితే ఏమైనా అందుతుందా, లేక మర్యాదకు కూర్చుని రావడమేనా? చప్పట్లు ఎక్కడ కొట్టాలో కూడా తెలియదు.

రికార్డింగు గది

వెళ్లండి. ఇలాంటి కచేరీలకు మైకులు అమర్చి రికార్డు చేయడమే నా ఉద్యోగం. నా సలహా ఒక్కటే, వాయించేవాళ్ల చేతులు కనిపించే చోట కూర్చోండి. మనం వేదిక వైపు చూస్తున్నప్పుడు ఎడమ పక్క మూడో నాలుగో వరుస అయితే పియానో మీద వేళ్లు కూడా కనిపిస్తాయి. ఎందుకు చెబుతున్నానంటే, మీరు రాసిన పట్టికలో దాదాపు ప్రతి రచనలోనూ వాద్యం తనది కాని గొంతుతో మాట్లాడుతుంది. అది ఎలా చేస్తుందో చూడకపోతే సగం పోయినట్టే.

తురీనా రచననే తీసుకోండి, పేరుకు అర్థం ‘ఎద్దుతో పోరాడేవాడి ప్రార్థన’. 1925లో ఆయన దాన్ని మొదట నాలుగు ల్యూట్‌లకు (మీటి వాయించే తీగ వాద్యాలు) రాశాడు. స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో) రూపం ఆ తర్వాత వచ్చింది. మాడ్రిడ్‌లో ఎద్దుల పోటీ జరిగే చోట, గుర్రాలుండే ఆవరణలో ఒక చిన్న తలుపు వెనక ప్రార్థన మందిరం కనిపించిందట ఆయనకు. చావుకు ఎదురువెళ్లే ముందు అక్కడ మోకరిల్లినవాళ్లు, బయట జాతరలా జనం. ఈ రెండూ సంగీతంలో పక్కపక్కనే వినిపిస్తాయి. కమాను వదిలి తీగలు మీటిన చోటల్లా పాత ల్యూట్ తొంగిచూస్తుంది.

ఫాయా 1914లో ఏడు జానపద గీతాలను గాత్రానికీ పియానోకీ కూర్చాడు. వాటిలో ఆరింటిని పోలండ్ వయొలిన్ విద్వాంసుడు పావెల్ కొఖాన్స్కీ వయొలిన్‌కు మార్చాడు. అందులో ‘నానా’ అనే జోలపాట ఉంది. మాటలు పోయాయి, పాడే గొంతు మాత్రం మిగిలింది. గాత్రం నేర్చుకున్నవారు కాబట్టి, వాయించేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో మీకే ముందు తెలుస్తుంది.

నా మటుకు నాకు ఆ సాయంత్రం మొత్తం ఫ్రాంక్‌దే. ఆవిడ కాలిఫోర్నియాలో పుట్టారు, తల్లి వైపు మూలాలు పెరూవి. 2001లో రాసిన ఈ రచనలో ఆరు భాగాలు. మొదటి భాగంలో తోయో అనే పెద్ద వెదురు గొట్టాల వాద్యం వస్తుంది. ఊదడానికి బోలెడు దమ్ము కావాలి దానికి. ఆ గాలి శబ్దాన్ని నాలుగు తీగ వాద్యాలు తేవాలి! రెండో దాంట్లో తార్కా, అంటే స్వరం చీలేంత గట్టిగా ఊదే కొయ్య పిల్లనగ్రోవి. తర్వాత పాత పెరూలోని ‘ఇన్కా’ సామ్రాజ్యంలో కొండల మీదుగా వార్తలు మోసిన పరుగువీరుడు. అయిదో భాగంలో చావింట్లో ఏడవడానికి కూలికి పిలిపించే ఆడమనిషి. ఆ భాగం మొదలైనప్పుడు నేను మైకుల స్థాయి చూసుకోవడం కూడా మానేస్తాను.

చప్పట్లకు సూత్రం చెబుతాను. భాగాల మధ్య కమాన్లు గాలిలోనే ఆగుతాయి, అప్పుడు కొట్టకండి. చేతులు పూర్తిగా కిందికి దిగాక హాలంతా కొడుతుంది, దానితో పాటు మీరూ.

మేళకర్త

పైవారు చెప్పనిది ఒకటి. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా వైపు సంగీతంలో తరచుగా వినిపించే ఫ్రిజియన్ స్వరక్రమం మన హనుమతోడి రాగం స్వరాలే. అందులో సాధారణ గాంధారం బదులు అంతర గాంధారం వేస్తే వకుళాభరణం అవుతుంది, స్పెయిన్ గిటార్‌లో అదీ వినిపిస్తుంది. ఒక్కోసారి రెండు గాంధారాలూ ఒకే పదబంధంలో వస్తాయి. గమకాల కోసం మాత్రం ఎదురుచూడకండి. స్వరాలు తోడివే, నడక తోడిది కాదు.

రికార్డింగు గది

నిజమే కానీ, మొదటిసారి వినేవారు రాగం పేరు వెతుకుతూ కూర్చుంటే ఈలోగా జోలపాట అయిపోతుంది. ఇంటికొచ్చాక వెతుక్కోవచ్చు.

బందోనియోన్

పియాసోలా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆ నాలుగు ఋతువులు 1965 నుంచి 1970 వరకు ఒక్కొక్కటిగా వచ్చాయి, ఆయన సొంత బృందం కోసం. పియానో త్రయానికి (పియానో, వయొలిన్, చెల్లో) మార్చింది ఆయనతో కలిసి వాయించిన చెల్లో కళాకారుడు హోసే బ్రగాతో. టాంగో అనగానే అర్జెంటీనా జంట నాట్యం ఊహించుకుని వెళ్లకండి, ఇది కూర్చుని వినేందుకు రాసిన టాంగో. లెక్క మీకు సులువు. ‘తకిట తకిట తక’ అని లోపల వేసుకోండి, చాలా చోట్ల సరిపోతుంది. వయొలిన్ కళాకారులు కమానును బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్క) అవతలి పక్కన పెట్టి గరగర గీకే అలవాటు కూడా ఈ సంగీతంలో ఉంది. వాద్యం పాడైందనుకోకండి.

గాత్రం మాత్రమే

అందరికీ ధన్యవాదాలు. తకిట తకిట తక ఇప్పుడే వేసి చూశాను, బస్సులో పక్కావిడ వింతగా చూసింది. ఇంకొక్క సందేహం. అదే సాయంత్రం మాకు ల్యాబ్ ఉంది, ఆలస్యమైతే గదిలో లైవ్ స్ట్రీమ్ చూడవచ్చా?

రికార్డింగు గది

చూడవచ్చు, చాలా చోట్ల ఇస్తారు. కానీ కెమెరా ఎక్కువగా హాలు చివర ఒకే చోట ఉంటుంది, చేతులు చీమల్లా కనిపిస్తాయి. ఆలస్యమైనా హాలుకే రండి. ఒక రచన పూర్తయ్యాక చప్పట్ల సమయంలో తలుపు దగ్గరి విద్యార్థులు లోపలికి పంపిస్తారు. ఫ్రాంక్ చివరనే కదా, ల్యాబ్ ఎంత సాగినా అది అందుతుంది.