అంత్యదినాల ప్రవచన పుస్తకాలను యవనస్థుల కూటంలో చదివించవచ్చా?

ప్రశ్న
(యవనస్థుల కూటం బాధ్యుడు, రాజమండ్రి)

సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామమున వందనాలు. మా యవనస్థుల కూటంలో ప్రకటన గ్రంథాన్ని ధ్యానించాలని నిర్ణయించుకున్నాము. దానికి తోడుగా చదవడానికి అమెరికా రచయిత హాల్ లిండ్సే 1970లో ప్రచురించిన 'ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్' బాగుంటుందని మా సంఘ పెద్దలలో ఒకరు తన ప్రతిని నా చేతికిచ్చారు. చదువుకునే రోజుల్లో ఆ పుస్తకం చదివే మారుమనస్సు పొందానని ఆయన సాక్ష్యం చెబుతారు. ఆయన జీవితాన్ని దగ్గర నుండి చూసినవాడిగా ఆ సాక్ష్యాన్ని నేను తేలికగా తీసుకోలేను. మరొక పెద్దాయన మాత్రం ఇటువంటి పుస్తకాలు సంఘంలో అడుగు పెట్టకూడదని గట్టిగా అంటున్నారు.

ఆ ప్రతిలో అంజూరపు చెట్టు ఉపమానాన్ని వివరించిన పేజీ అంచున ఎవరో పెన్సిలుతో '1948 + 40 = 1988' అని రాసి, కింద రెండు గీతలు గీశారు. 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడినప్పటి నుండి ఒక తరంలో, అంటే నలభై ఏళ్లలో, అంత్యదినాల సంగతులు జరుగుతాయన్నది ఆ లెక్క. మా కూటానికి వచ్చేవారందరూ ఆ సంవత్సరం గడిచిపోయిన ఎన్నో ఏళ్లకు పుట్టినవారే. ఆ పేజీని వారికి ఏమని వివరించి చదివించాలి? అసలు ఇటువంటి పుస్తకాల వలన విశ్వాసికి మేలు ఉందా?

మొదటి సమాధానం
(వేదాంత అధ్యాపకుడు, హైదరాబాదు)

వందనాలు సహోదరా. నన్నడిగితే చదివించవద్దనే చెబుతాను. లెక్క తప్పిందన్నది నా అభ్యంతరంలో చిన్న భాగమే. ఆ పుస్తకం నేర్పే చదివే పద్ధతి మీదనే నా అసలు అభ్యంతరం. అది సోవియట్ యూనియన్‌ను యెహెజ్కేలు 38వ అధ్యాయంలో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే గోగుతోను, పశ్చిమ ఐరోపా దేశాల వర్తక కూటమి అయిన యూరోపియన్ కామన్ మార్కెట్‌ను దానియేలు చూచిన మృగపు పది కొమ్ములతోను ముడిపెట్టింది. 1981లో గ్రీసు చేరి సభ్యదేశాలు పది అయినప్పుడు ఆ వివరణ అక్షరాలా నెరవేరినట్టు కనిపించింది. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరడంతో అవి పన్నెండయ్యాయి. 1991 ముగిసేసరికి సోవియట్ యూనియన్ అనే దేశమే లేదు. అయినా ఆ పద్ధతిని ఎవరూ విడిచిపెట్టలేదు. పాత దేశం పేరు కొట్టివేసి కొత్త దేశం పేరు రాసుకుంటూ పోయారు. ఇలా చదవడం అలవాటైన యవనస్థుడు వాక్యానికి అర్థం వాక్యంలో వెదకడు, ఆ పూట వార్తల్లో వెదుకుతాడు.

ప్రకటన గ్రంథం ఆసియలోని ఏడు సంఘాలకు రాయబడిందన్న సంగతి మొదటి అధ్యాయంలోనే ఉంది. వాటిలో ఒకటైన స్ముర్నలో చెరసాలకూ మరణానికీ సిద్ధపడవలసి వచ్చిన విశ్వాసులకు, పందొమ్మిది వందల ఏళ్ల తరువాత పశ్చిమ ఐరోపాలో ఏర్పడబోయే ఒక వర్తక కూటమి గురించి చెప్పడం వలన కలిగే ఆదరణ ఏమిటి? వారికి అర్థం కాని భావమే ఆ గ్రంథపు ముఖ్యభావమని చెప్పే ఏ వివరణనైనా నేను అనుమానించక తప్పదు.

రెండవ సమాధానం
(డల్లాస్‌లో నివసించే తెలుగు విశ్వాసి)

అధ్యాపకుల వారి పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. లోకాంతంలో వచ్చే శ్రమల కాలానికి ముందే సంఘం ఎత్తబడుతుందని, అంటే ప్రభువు విశ్వాసులను తన దగ్గరకు తీసుకుపోతాడని నేను నమ్ముతాను. ఆ నమ్మకాన్ని వాక్యం నుండే సమర్థించిన పండితులు ఉన్నారు. లిండ్సే చదివిన డల్లాస్ థియొలాజికల్ సెమినరీకి ఎన్నో ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్న జాన్ వాల్వోర్డ్ వారిలో ఒకరు. లిండ్సే కూడా 1988 అని తేదీ ప్రకటించలేదు. తన ఊహ సరైనదైతే 1948 నుండి దాదాపు నలభై ఏళ్లలో ఇవన్నీ జరగవచ్చు అని మాత్రమే రాశారు. 1988 సెప్టెంబరులో సంఘం ఎత్తబడుతుందని 88 కారణాలు చూపించిన ఎడ్గర్ విసెనంట్‌నూ, 2011 మే 21 అని ప్రకటించిన హెరాల్డ్ క్యాంపింగ్‌నూ ఆయనతో ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎన్నో సంఘాల్లో ఏడాది పొడవునా ఆశీర్వాదాల గురించీ స్వస్థతల గురించీ బోధిస్తారు గాని, ప్రభువు మళ్లీ వస్తున్నాడన్న మాట భూస్థాపన కూటంలో తప్ప వినిపించదు. 1970లలో అమెరికాలో కల్పనేతర గ్రంథాలలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడైన పుస్తకంగా అది పేరు పొందిందంటే, వేదికలు మౌనంగా ఉన్న చోట అది మాట్లాడినందుకే. మీ సంఘ పెద్ద గారి వంటి వారు ఆ మాట విని ప్రభువు దగ్గరకు వచ్చారు. ఆ ఫలం మన కళ్ల ముందే ఉంది.

మొదటి సమాధానం రాసిన వారి ప్రత్యుత్తరం

'జరగవచ్చు' అన్న జాగ్రత్త 1970లో ఉన్నదన్న మాట నిజమే. కానీ 1980లో వెలువడిన తన తరువాతి పుస్తకంలో, మనకు తెలిసిన చరిత్రకు ఆ దశాబ్దమే ఆఖరిది కావచ్చునని ఆయనే రాశారు. ఒక తరం మొత్తాన్ని గడువు లెక్కించుకునేటట్టు చేసి, గడువు దాటిన తరువాత 'కావచ్చు' అన్న మాట చాటున నిలబడడం బోధకునికి తగదు. వేదికల మౌనం గురించి మీరు చెప్పినది మాత్రం పూర్తిగా అంగీకరిస్తున్నాను. ఆ లోటును వాక్యబోధతోనే తీర్చాలి.

మూడవ సమాధానం
(సండే స్కూలు ఉపాధ్యాయురాలు, పాలకొల్లు)

అన్నయ్యగార్లిద్దరికీ వందనాలు. ఈ భేదాభిప్రాయం మన ప్రాంతానికి కొత్త కాదు. గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో ఇంగ్లండు నుండి మన తీరానికి వచ్చారు. వారు ఏ సహోదర (బ్రెదరన్) ఉద్యమంలో నుండి వచ్చారో, ఆ ఉద్యమంలోనే సరిగ్గా ఆ సంవత్సరాల్లో జాన్ నెల్సన్ డార్బీ ఈ ఎత్తబడుట బోధకు రూపమిస్తున్నాడు. ఇంగ్లండులోని ప్లిమత్ సంఘంలో ఆయనతో కలిసి పనిచేసిన బెంజమిన్ న్యూటన్ దానిని అప్పుడే వ్యతిరేకించాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు తన పుటల అడుగున ఇచ్చిన వివరణల ద్వారా డార్బీ పద్ధతిని లోకమంతటా వ్యాపింపజేసింది. ఒకే ప్రభువును ప్రేమించినవారు మొదటి నుండీ దీనిపై ఏకాభిప్రాయానికి రాలేదన్న సంగతిని యవనస్థులకు దాచకుండా చెప్పాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది పిల్లల భయం. మా తరగతిలో ఒక పాప అంత్యదినాల గురించిన సినిమా చూసిన మరునాడు బడి నుండి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరట. అమ్మ ఎత్తబడిందనీ తాను విడువబడ్డాననీ అనుకుని, వెనుక వీధిలో ఉండే వృద్ధురాలైన విశ్వాసి ఇంటికి పరుగెత్తి, ఆమె వాకిట్లో బియ్యం ఏరుకుంటూ కనిపించేదాకా ఏడుస్తూనే ఉంది. పౌలు థెస్సలొనీకయులకు రాకడ గురించి రాసి, 'ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి' అన్నాడు. ఆ పాప విన్న మాటల్లో ఆదరణ లేదు.

కాబట్టి తమ్ముడూ, ముందు థెస్సలొనీకయుల పత్రికలు రెండూ చదివించండి. తరువాత ప్రకటన గ్రంథం మొదటి మూడు అధ్యాయాలను తొందరపడకుండా, ఒక్కొక్క సంఘాన్ని గురించి ఒక్కొక్క వారం ధ్యానించండి. తోడు పుస్తకం కావాలంటే, ఎత్తబడుటను గురించి జార్జ్ ఎల్డన్ లాడ్ 1956లో రాసిన 'ది బ్లెస్డ్ హోప్', దానికి ఎదురుగా వాల్వోర్డ్ రచన ఒకటి తీసుకుని రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఎవరు ఏ వచనం మీద నిలబడుతున్నారో పిల్లలే గమనిస్తారు. ఆ పెద్ద గారిని కూడా ఒక కూటానికి పిలిచి సాక్ష్యం చెప్పించండి. 1988 గడిచిపోయిన తరువాత కూడా తన విశ్వాసం ఎలా నిలిచిందో పిల్లలు ఆయన నోటనే వినాలి.