కప్ప ఎరపైకి కొర్రమట్ట దూకుతోంది కానీ గాలానికి పడటం లేదు

హన్మకొండ_గాలం:
నమస్కారం. చిన్నప్పుడు వెదురు కర్రకు బెండు కట్టి, ఎర్ర గుచ్చి జెల్లలు పట్టిన అనుభవమే తప్ప, రాడ్, రీల్ చేతపట్టి ఇంకా ఏడాది కాలేదు. అమెరికా వారి బాస్ చేపల వీడియోలు చూసి, లోపల బోలుగా ఉండే రబ్బరు కప్పను తెప్పించుకుని, ధర్మసాగర్ వైపు మా అత్తగారి ఊరి చెరువులో ప్రతి ఆదివారం వేస్తున్నాను. మూడు వారాల్లో తొమ్మిది సార్లు కొర్రమట్ట కప్పపైకి దూకితే, ఒడ్డుకు వచ్చింది ఒక్కటే. దూకిన క్షణమే రాడ్ ఎత్తుతున్నాను, అయినా కప్ప ఒక్కటే ఎగిరి నా మీదికి వస్తోంది. ఎండ ఎక్కాక వీడియోల్లో చెప్పినట్లు లోతు వెతుక్కుంటూ తూము దగ్గరికి వెళ్తే అక్కడ కదలికే ఉండదు. లోపం ఎక్కడుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మత్తడి_మనిషి:
మీరు రాడ్ ఎత్తుతున్న ఆ క్షణంలోనే లోపం ఉంది. ఆ కప్పకు గాలం మొనలు వీపును ఆనుకుని ఉంటాయి. నాచులో చిక్కుకోకుండా చేసిన ఏర్పాటు అది. చేప నోరు మూసి కప్పను నొక్కితేనే మొనలు బయటపడతాయి. నీళ్లు చెదిరిన చప్పుడుకు కాకుండా, దారం లాగినట్లు చేతికి తెలిసాకే, అంటే మనసులో ‘ఒకటి, రెండు’ అనుకున్నాక, గట్టిగా గుంజాలి. మెల్లగా ఎత్తితే దాని ఎముక దవడలోకి మొన దిగదు. నైలాన్ దారం సాగుతుంది కనుక అల్లిక దారం వాడండి.

లోతు విషయంలో వీడియోలు మనకు పనికిరావు. బాస్ చేప నీటిలో కరిగిన ప్రాణవాయువు మీదే ఆధారపడుతుంది కనుక, ఎండల్లో నీడకో లోతుకో పోతుంది. కొర్రమట్ట పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు; అందుకే గోరువెచ్చని లోతు తక్కువ నీళ్లలో, తుంగ, తామర, గుర్రపుడెక్క సందుల్లో నిశ్చింతగా పొంచి ఉంటుంది. తూము వదిలేసి శిఖం వైపు, అంటే చెరువులో నీళ్లు పలచగా ఉండే అంచు వైపు, నడవండి. గాలి కోసం అది పైకి తేలిన చోటు కనిపిస్తే, నేరుగా దాని నెత్తిన కాకుండా, నాలుగు గజాలు అవతల వేసి, మీదుగా ఆపి ఆపి లాక్కురండి.

పాకాల_బాటసారి:
పై సలహా బాగానే ఉంది కానీ, ‘ఒకటి, రెండు’ లెక్కను మంత్రంలా పట్టుకోవద్దు. ఆకలి మీదున్న చేప ఒక్కసారే మింగి పోతుంది, ఆలస్యమైతే నాచులోకి దూరి దారం చుట్టేస్తుంది. చేతిని నమ్మండి.

వానాకాలంలో నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం అక్కడ కప్ప వేయకండి. కింద కాపలా ఉన్న తల్లీతండ్రీ కోపంతో తప్పక దూకుతాయి, వాటిని తీసేస్తే ఆ పిల్లలను మిగతా చేపలు మిగల్చవు. మన రాష్ట్ర చేపను అలా పట్టడం నాకు నేర్పుగా తోచదు. చెరువు మత్స్య సహకార సంఘానిదైతే ముందుగా వారిని అడగండి. పాకాల అభయారణ్యం కనుక అక్కడికి గాలంతో వెళ్లకండి.

హన్మకొండ_గాలం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సంఘం వారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఈ ఆదివారం శిఖం వైపు మూడు దూకాయి. మొదటిది పాత అలవాటు కొద్దీ పోయింది. తర్వాతి రెండూ ఒడ్డుకు వచ్చాయి. అయితే ఆ రెండుసార్లూ నా మోచేయి పట్టుకుని పైకి లెక్కపెట్టింది మా బావమరిది.