క్లారెన్స్ డారో మీద వచ్చిన సినిమాలు: కోర్టు సీన్లలో నిజమెంత?

పాతరీలు (ప్రశ్న):
అమెరికన్ డిఫెన్స్ లాయర్ క్లారెన్స్ డారో (1857–1938) జీవితం మీద వచ్చిన సినిమాలు, నాటకాలు వరసగా చూస్తున్నాను. వాదనలు బ్రహ్మాండంగా ఉంటాయి గానీ చట్టం దగ్గరికొచ్చేసరికి అంతు చిక్కడం లేదు. చికాగోలో ఇద్దరు కుర్రాళ్లు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకెళ్లి చంపిన 1924 నాటి లియోపోల్డ్, లోబ్ కేసులో ముద్దాయిల చేత ఆయనే నేరం ఒప్పించాడు. ఉరి తప్పించాల్సిన లాయరు అలా ఎందుకు చేశాడు? బడిలో పరిణామవాదం చెప్పాడని పెట్టిన 1925 స్కోప్స్ కేసులో చివరికి టీచరుకు జరిమానా పడింది కదా, మరి డారో గెలిచాడని ఎలా చెబుతారు? లాస్ ఏంజెలెస్‌లో జ్యూరీకి లంచం ఇచ్చాడన్న ఆరోపణ గురించి కూడా తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. స్కోప్స్ కేసు ఆధారంగా తీసిన ‘ఇన్‌హెరిట్ ద విండ్’ను చరిత్ర అనుకుని చూడవచ్చా?

కోర్టుపక్షి:
లియోపోల్డ్, లోబ్ కేసులో నేరం ఒప్పుకోవడమే డారో వేసిన ఎత్తు. అప్పటి ఇల్లినాయ్ పద్ధతి తెలిస్తే సంగతి బోధపడుతుంది. నిర్దోషినంటే జ్యూరీ కూర్చుంటుంది. మతి చలించిందని వాదించినా జ్యూరీయే తేల్చాలి. చనిపోయిన బాబీ ఫ్రాంక్స్‌కు 14 ఏళ్లు. చికాగో మొత్తం ఉరి కోసం ఎదురుచూస్తోంది. ఆ ఊళ్లో ఏ 12 మందిని కూర్చోబెట్టినా ఫలితం ముందే తెలిసిపోతుంది. నేరం ఒప్పుకుంటే మాత్రం జ్యూరీ ఉండదు, శిక్ష సంగతి జడ్జి జాన్ కావర్లీ ఒక్కడే తేల్చాలి. పన్నెండు మందిలో ఒకడిగా ఉరికి చెయ్యెత్తడం వేరు, ఒంటరిగా ఆ మాట రాసి సంతకం పెట్టడం వేరు. డారో నమ్ముకున్నది ఈ తేడానే.

ఇంకో మెలిక కూడా ఉంది, సినిమాల్లో ఇదే జారిపోతుంది. కేసులు రెండు: హత్య ఒకటి, డబ్బు కోసం ఎత్తుకెళ్లడం రెండోది. రెండింటికీ ఉరి వేయవచ్చు. హత్య ఒక్కటే ఒప్పుకుంటే, అందులో ఉరి పడకపోయినా ప్రాసిక్యూటర్ రాబర్ట్ క్రో రెండో కేసు పట్టుకుని జ్యూరీ ముందుకు పోగలడు. అందుకే జూలై 21న రెండూ ఒకేసారి ఒప్పుకున్నారు, అది కూడా క్రోకు ముందుగా ఉప్పందకుండా. కోర్టులో అందరూ నివ్వెరపోయింది అందుకే.

తర్వాత నడిచింది శిక్ష తగ్గించాలా వద్దా అన్న విచారణ. డారో మానసిక వైద్యుల్ని పిలవబోతే క్రో అడ్డం తిరిగాడు: “ఇది మతిభ్రమణ వాదనే, అలాంటప్పుడు జ్యూరీ ఉండాల్సిందే” అన్నది అతని అభ్యంతరం. అది నెగ్గి ఉంటే డారో కట్టిందంతా కూలిపోయేది. కావర్లీ ఆ సాక్ష్యం విన్నాడు. సెప్టెంబర్ 10న హత్యకు యావజ్జీవం, అపహరణకు 99 ఏళ్లు వేశాడు. తీర్పులో ప్రధాన కారణంగా చెప్పింది ముద్దాయిల వయసు (నేరం నాటికి 19, 18 ఏళ్లు). డాక్టర్ల సాక్ష్యానికి అంత బరువు ఇవ్వలేదు. మనోవిజ్ఞానం గెలిచిన కేసుగా దీన్ని చూపించే సినిమా ఏదైనా తీర్పు చదవకుండా తీసినట్టే.

తెరవెనుక:
పైన చెప్పినదానికి ఒక చేర్పు. డారో ముగింపు వాదన ఆగస్టు చివర్లో, మొత్తం మీద పన్నెండు గంటల దాకా సాగింది. ఏ సినిమా అయినా అందులోంచి కొన్ని నిమిషాలే తీసుకోగలదు. ఉరిశిక్షకు ఎదురు చెప్పిన భాగాలే అందరూ ఏరుకుంటారు. అసలు వాదనలో ఎక్కువ భాగం ఆ కుర్రాళ్ల పెంపకం, వయసు, ఇల్లినాయ్‌లో ఇలా నేరం ఒప్పుకున్న కుర్రాళ్లను ఉరి తీశారా లేదా అన్న పాత లెక్కలు. తెర మీద అది నిలవదు, నిజమే. కానీ జడ్జి పట్టుకున్నది ఆ వయసు మాటనే.

ఈ కేసు మీద తీసినదే 1959 నాటి ‘కంపల్షన్’. పేర్లు మార్చారు, డారో పాత్ర పేరు జొనాథన్ విల్క్, వేసింది ఆర్సన్ వెల్స్. అందులోని కళ్లజోడు కల్పన అనుకోవద్దు. శవం దగ్గర దొరికిన జోడు ఫ్రేమూ అద్దాలూ మామూలువే, కానీ దాని మడతబందు రకం చికాగోలో అమ్ముడైంది మూడు జోళ్లకే. దుకాణం లెక్కల పుస్తకం తిరగేస్తే లియోపోల్డ్ పేరు బయటపడింది. వేలెడంత లేని ఇనుప ముక్క దొరికించిన కేసు అది.

కోర్టుపక్షి:
ఇక స్కోప్స్. టెనెసీలో డేటన్ అనే చిన్న ఊరు, పరిణామవాదం చెప్పకూడదన్న బట్లర్ చట్టం. డారో వైపు వాళ్లకు కావలసింది నిర్దోషి తీర్పు కాదు. శిక్ష పడితేనే అప్పీలుకు పోయి చట్టాన్నే సవాలు చేయగలరు. అందుకే చివరి రోజున డారో స్వయంగా జ్యూరీని శిక్ష వేసే తీర్పు ఇవ్వమన్నాడు. ముగింపు వాదన కూడా వదులుకున్నాడు. దాంతో ప్రాసిక్యూషన్ వైపు నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ ఎన్నాళ్లుగానో తయారు చేసుకున్న ముగింపు ప్రసంగం చదివే వీలే లేకుండా పోయింది. జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో తేల్చేసింది. జరిమానా 100 డాలర్లు.

అప్పీలులో జరిగింది ఇంకా చిత్రం. టెనెసీ రాజ్యాంగం ప్రకారం 50 డాలర్లు దాటిన జరిమానా జ్యూరీయే వేయాలి. ఇక్కడ వేసింది జడ్జి రాల్‌స్టన్. 1927లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఒక్క లోపం పట్టుకుని శిక్ష కొట్టేసింది, చట్టాన్ని మాత్రం నిలబెట్టింది. ఇక పైకోర్టుకు పోయే దారి మూసుకుపోయింది. చట్టం రద్దయింది 1967లో. కాబట్టి కోర్టులో డారో కోరుకున్నది దక్కలేదు. గెలుపన్నది పత్రికల్లో, జనం నోళ్లలో.

పాతరీలు:
మరి బ్రయాన్‌ను బోనెక్కించిన సీను? జ్యూరీ మొహాలు చూపిస్తూ తీశారే?

కోర్టుపక్షి:
ఆ సమయంలో జ్యూరీ అక్కడ లేదండీ. జూలై 20న విచారణను కోర్టు బయట చెట్ల కిందికి మార్చారు. రెండు గంటల పాటు సాగిన ఆ ప్రశ్నల్లో ఒక్క మాట కూడా జ్యూరీ వినలేదు. మర్నాడు జడ్జి ఆ సాక్ష్యాన్ని రికార్డు నుంచి తీసేయించాడు. ‘ఇన్‌హెరిట్ ద విండ్’లో బ్రయాన్ పాత్ర కోర్టులోనే కుప్పకూలుతుంది. అసలు బ్రయాన్ పోయింది విచారణ ముగిసిన ఐదు రోజుల తర్వాత, జూలై 26న. సినిమాలో టీచరును జైల్లో పెడతారు, స్కోప్స్ ఒక్క రోజు కూడా జైల్లో లేడు. పేర్లు మార్చి తీసిన కథ అది, చరిత్ర అనుకోవద్దు.

మూడోబల్ల:
లంచం సంగతి ఎవరూ ఎత్తలేదు. డారో జీవితకథకు అదే నడిమి స్తంభం. 1910 అక్టోబర్ 1న లాస్ ఏంజెలెస్ టైమ్స్ భవనంలో బాంబు పేలి 21 మంది చనిపోయారు. ఆ కేసులో ముద్దాయిలైన కార్మిక సంఘం మనుషులు మెక్‌నమారా అన్నదమ్ముల తరఫున డారో దిగాడు. 1911 నవంబర్ 28న ఆయన దగ్గర పనిచేసే బర్ట్ ఫ్రాంక్లిన్ జ్యూరీకి పిలుపు అందిన జార్జ్ లాక్‌వుడ్‌కు డబ్బు ముట్టజెబుతూ నడివీధిలో పట్టుబడ్డాడు. లాక్‌వుడ్ ముందే ప్రాసిక్యూషన్‌కు చెప్పేశాడు, అది వాళ్లు పన్నిన వల. సరిగ్గా అదే సమయానికి డారో ఆ వీధిలో నడిచి వచ్చాడు. దర్శకుడు ఎవరైనా సరే, ఆ నడక ఎలా తీశాడన్నది చూడండి. కాకతాళీయమన్నట్టు తీస్తే ఒక డారో, తెలిసి వచ్చినట్టు తీస్తే ఇంకో డారో.

కొద్ది రోజులకే అన్నదమ్ములు నేరం ఒప్పుకున్నారు. కార్మిక సంఘాలు డారోను దూరం పెట్టాయి. 1912లో తన మీద నడిచిన మొదటి విచారణలో ఎర్ల్ రోజర్స్ ఆయన తరఫున వాదించాడు, ముగింపు మాత్రం డారో స్వయంగా చెప్పుకుని నిర్దోషిగా బయటపడ్డాడు. చాలా కథలు అక్కడితో తెర దించుతాయి. 1913లో ఇంకో జ్యూరర్ విషయంలో రెండో విచారణ జరిగింది, జ్యూరీలో ఏకాభిప్రాయం కుదరలేదు. అంటే నిర్దోషి అని ఎవరూ అనలేదు, దోషి అని కూడా తేలలేదు.

ఆ మచ్చతో చికాగో తిరిగొచ్చి మళ్లీ మొదటినుంచి కట్టుకున్నాడు కాబట్టే 1924 నాటి డారో మనకు దక్కాడు. డెట్రాయిట్‌లో ఒస్సియన్ స్వీట్ కేసు కూడా తప్పక వెతికి చదవండి. నల్లజాతి డాక్టరు ఇంటి మీదికి గుంపు వస్తే లోపలినుంచి కాల్పులు జరిగి ఒకడు పోయాడు. 11 మంది ముద్దాయిలు. మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది. 1926లో తమ్ముడు హెన్రీ స్వీట్‌ను విడిగా విచారిస్తే, అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషి అంది. డారో వాదన ఏడు గంటలు పట్టింది.