అప్‌డేట్: ఇనుము తినే రోబో కార్టూన్ సినిమా దొరికింది

పోయిన నెల ఇక్కడే అడిగాను. చిన్నప్పుడు టీవీలో చూసిన కార్టూన్ సినిమా, ఒక పిల్లాడు ఇనుము తినే పెద్ద రోబోను దాచిపెడతాడు, పేరేంటి అని. దొరికిందండీ! 'ది ఐరన్ జెయింట్', 1999. బ్రాడ్ బర్డ్‌కు డైరెక్టర్‌గా మొదటి సినిమా.

"వేటగాళ్ళు జింకను కాల్చే సీన్ ఉందా?" అని ఒకరు అడిగారు చూడండి, దానితోనే తేలిపోయింది. ఆయనకు చాలా థాంక్స్. జపాన్ సినిమా అని నేను రాసింది తప్పు. కథ 1957లో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జరుగుతుంది. నా మాట నమ్మి 'కాజిల్ ఇన్ ది స్కై' అనే జపాన్ కార్టూన్ సినిమా వెతికినవాళ్ళకు సారీ.

ఆదివారం మా పాపతో కలిసి చూశాను. చివర్లో రోబో తాలూకు ఒకే ఒక్క మరమేకు మిగులుతుంది. రాత్రి అది బీప్ బీప్ మంటూ కిటికీ దగ్గరికి దొర్లుకుంటూ పోతే, పిల్లాడు కిటికీ తీసి వదిలేస్తాడు. అక్కడ ఇద్దరం ఏడ్చేశాం. ఇంత మంచి సినిమాకు థియేటర్లలో పెట్టిన ఖర్చు కూడా రాలేదంటే మనసొప్పడం లేదు. సరైన ప్రచారమే జరగలేదట.

వెతికేవాళ్ళకు ఒక మాట: 2015లో రెండు సీన్లు కలిపి మళ్ళీ విడుదల చేశారు. ఏది దొరికినా చూసేయండి.