అండమాన్ వెళ్లేవాళ్లు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: డిసెంబర్‌లో పిల్లలతో పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, బారాటాంగ్ వెళ్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలండీ?

జవాబు 1: అక్కడ ఆ నెలలో సాయంత్రం 5 గంటలకల్లా పొద్దుగూకుతుంది, ఆలోపే నీళ్లలోంచి బయటికి వచ్చేయండి. మొసలి బోర్డు ఉన్నచోట మోకాలి లోతుకు కూడా దిగొద్దు. ప్రవాహం లోపలికి లాగితే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక తిరగండి.

జవాబు 2: బారాటాంగ్ దారిలో అడవిలో ఉండే జరావా ఆదిమ తెగవాళ్ల ఫొటో తీస్తే కేసే. బండి ఆపడం, బిస్కెట్లు విసరడం కూడా వద్దు. మన దగ్గర మామూలు జలుబే వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. పిల్లలకు ముందే చెప్పండి, అది జూ కాదని.

జవాబు 3: చచ్చిన పగడం ముక్కయినా ఏరుకోకండి, ఎయిర్‌పోర్టు తనిఖీలో దొరికిపోతారు. ఇసుక ఈగలు కుడితే గోకొద్దు, పుండు పడుతుంది.