చేపలు, ఐసు లెక్క: గ్రాఫులో ఏ వైపు షేడ్ చెయ్యాలి?

గాజువాక విద్యార్థి
ట్యూషన్‌లో ఇచ్చిన లెక్క. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలు కొని వ్యాన్‌లో అరకు పంపాలి. చేప కిలో 150 రూపాయలు, ఐసు కిలో 3. చేతిలో 45,000 ఉన్నాయి. బండిలో 700 కిలోలకి మించకూడదు. ఐసు బరువు చేపల బరువుకి తగ్గకూడదు. గరిష్ఠంగా ఎన్ని కిలోల చేపలు పంపొచ్చు? చేపలు చ కిలోలు, ఐసు ఐ కిలోలు అనుకున్నాను.

150చ + 3ఐ ≤ 45000
చ + ఐ ≤ 700
ఐ ≥ చ

డబ్బు గీత నిలువు అక్షాన్ని 15,000 దగ్గర తాకుతోంది, కాగితం మీద పట్టదు. మూడోదానిలో (0,0) వేస్తే 0 ≥ 0 వస్తోంది. ఏ వైపు షేడ్ చెయ్యాలి?

సీతమ్మధార లెక్కల మాస్టారు
మూడూ సరిగ్గా రాశావు. చ ≥ 0 కూడా రాయి, లేకపోతే ప్రాంతం ఎడమ వైపుకి పాకుతుంది.

గీత గీయడానికి అక్షాల మీద బిందువులే కావాలని లేదు. 3తో భాగిస్తే 50చ + ఐ ≤ 15000. ఐ = 0 అయితే చ = 300, ఐ = 500 అయితే చ = 290. ఈ రెండూ కలుపు. దాదాపు నిట్టనిలువుగా వస్తుంది, కంగారు పడకు: ఐసు అంత చవక కాబట్టే అలా ఉంది.

ఐ = చ గీత (0,0) మీదుగానే పోతుంది. గీత మీద ఉన్న బిందువుతో పరీక్షిస్తే ఏమీ తేలదు. (0,100) తీసుకో: 100 ≥ 0 నిజం, కాబట్టి గీతకి పై వైపు. చ − ఐ ≤ 0 అని రాసి రుణ సంఖ్యతో గుణించేటప్పుడు గుర్తు తిప్పడం మరిచిపోయేవాళ్లు చాలామంది. అలా చేస్తే ఐసు లేని చేపలు "సరే" అయిపోతాయి! "మించకూడదు" అన్నారు కాబట్టి నిండు గీతలే. "700 కంటే తక్కువే ఉండాలి" అంటే చుక్కల గీత.

ఇక షేడ్ చేసిన ప్రాంతం మూలలు చూడు, గరిష్ఠం మూల దగ్గరే దొరుకుతుంది. డబ్బు గీత, ఐ = చ కలిసే చోట 51చ = 15000, అంటే చ సుమారు 294.1. దాన్ని కిందకే సవరించాలి. 294 కిలోల చేపలు, 294 కిలోల ఐసు, ఖర్చు 44,982. బరువు 588 కిలోలే, బండిలో ఇంకా చోటుంది. నిన్ను ఆపుతున్నది డబ్బు.

గాజువాక విద్యార్థి
అర్థమైంది మాస్టారూ. మరి 60,000 ఉంటే?

సీతమ్మధార లెక్కల మాస్టారు
అప్పుడు బండి ఆపుతుంది. మూల (350, 350)కి జరుగుతుంది, ఖర్చు 53,550. ఆపైన డబ్బెంత పెంచినా ఒక్క కిలో కూడా ఎక్కదు.

హార్బర్ లోడింగ్
మాస్టారు చెప్పింది కరెక్టే తమ్ముడూ, కానీ లెక్కలో ఐసు అంటే ఎక్కించినదా, అరకులో దింపేసరికి మిగిలినదా? దారి వంద కిలోమీటర్లు పైనే, ఘాట్ రోడ్డు. ఐదో వంతు కరుగుతుందనుకో, మిగిలేది 0.8ఐ. అది చేపలకి తగ్గకూడదంటే ఐ ≥ 1.25చ. (0,0), (200,250) కలిపి గీత మార్చు. 45,000తో 294 కాస్తా 292 అవుతుంది, పెద్ద తేడా లేదు. 60,000 ఉన్నప్పుడే దెబ్బ: ఐసు బండిలో చోటు తినేస్తుంది, 350 నుంచి 311కి పడిపోతుంది.