"అతసీపుష్ప సంకాశం": ఇది ఏ అవిసె పువ్వు?

కృష్ణాష్టకంలో కృష్ణుణ్ణి వర్ణించే ఈ మాట చదివి, "మా పెరట్లోని అవిసె పువ్వు రంగు నల్లనయ్యకు ఎలా కుదురుతుంది?" అని అడిగిన వారికి నా జవాబు. తాత్పర్యాల్లో "అవిసె పువ్వు వంటి మేనిఛాయ గలవాడు" అని రాస్తారు. అది తప్పు కాదు. కానీ తెలుగులో అవిసెలు రెండు. మీ పెరట్లో ఉన్నది అవిసె చెట్టు. దాని పువ్వు తెల్లన, లేదా ఎరుపు. నల్లనయ్యకు ఆ పోలిక కుదరదని మీకు అనుమానం రావడం న్యాయమే.

సంస్కృతంలో అతసి అంటే మనం కిరాణా కొట్లో కొనే అవిసె గింజల మొక్క. నడుం ఎత్తు కూడా రాని నూనెగింజల పైరు, చలికాలం పంట. అయిదు రేకుల చిన్న నీలిపువ్వు పూస్తుంది. శ్లోకంలోని నీలం అదే. హిందీవాళ్ల అల్సీ కూడా ఈ అతసే.

చెట్టు సంగతి వేరు. అది చిక్కుడు, కంది కుటుంబానికి చెందింది. పచ్చిరొట్టకు వేసే జీలుగకు దగ్గరి చుట్టం. సంస్కృతంలో దాని పేరు అగస్తి, తమిళంలో అగత్తి. కన్నడంలో మనలాగే చెట్టుకూ గింజకూ కూడా అగసె అనే అంటారు. అతసి, అగస్తి అనే రెండు వేరు మాటలు అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయని నా అభిప్రాయం. అగిసె, అవిసె రెండూ మనకున్నాయి; పగడం, పవడం లాగే.

ఈ చెట్టు విలువ తెలియాలంటే గుంటూరు జిల్లా తమలపాకు తోటలు చూడాలి. ముందు అవిసె విత్తనాలు సాళ్లుగా వేస్తారు. మొక్కలు కాస్త ఎదిగాక వాటి మొదళ్ల దగ్గర తమలపాకు తీగ ముక్కలు నాటి, పాకేకొద్దీ కాండానికి కడుతూ పోతారు. తీగకు ఆసరా అదే, నీడా అదే. నీడ మరీ ఎక్కువైతే కొమ్మలు నరుకుతారు, ఆ రొట్ట మేకలు, గేదెలు ఇష్టంగా తింటాయి. వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. త్వరగా ఎదుగుతుంది, మంచు పడే చోట మాత్రం బతకదు.

ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్లు ద్వాదశి పారణలో తినే అవిసె కూర ఈ చెట్టు ఆకే. విచ్చని మొగ్గ నెలవంకలా వంగి ఉంటుంది. పువ్వు వండేటప్పుడు లోపలి కేసరం తీసేయాలి, లేకపోతే చేదు. శనగపిండిలో ముంచి వేస్తే బజ్జీలు చాలా బాగుంటాయి.

అందుకే తాత్పర్యం రాసేవాళ్లు "నీలి అవిసె పువ్వు" అనో, "అవిసె గింజల మొక్క పువ్వు" అనో రాస్తే మేలు. ఒక్క మాట చేరిస్తే చదివేవాళ్లకు రంగు కళ్లకు కడుతుంది.

అనంతపురం, రాయదుర్గం వైపు వాళ్లు చెప్పండి: మీ ఊళ్లో చెట్టును అగిసె అంటారా, అవిసె అంటారా? గింజలకూ అదే మాటా?